గోగుచెట్ల చాటు వాసన

మొన్న మా పక్కింటి పెద్దాయన పోయాడు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఎందుకు చెప్పాలో నాకు ఏనాడూ అర్థం కాలేదు. బతికున్నప్పుడు నేనాయన్ని మొండి ముసలాయన అని మొహం మీదే అన్నాను. ఆయన నన్ను నోటికి కంప కొట్టాల్సిన మనిషి అని గోడ మీంచే అన్నాడు. ఇప్పుడు కొత్తగా ఆయన్ని దేవుణ్ణి చేసి రాస్తే ఆయనే ఒప్పుకోడు. పేరు మాత్రం రాయను. ఊరివాళ్ళు పోల్చుకోకుండా ఒకటి రెండు గుర్తులు మార్చాను కూడా.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద ముప్పై ఏళ్ళు పనిచేశాడు. పలకను ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి మధ్యవేలి కణుపుతో టక్కున తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడట. మంచి పలక ఖంగుమంటుంది. లోపల సన్న పగులుంటే డొల్లగా పలుకుతుంది. పని మానేశాక కూడా ఆ వేలు ఊరుకోలేదు. కుండ కనబడితే కుండ, కొబ్బరికాయ కనబడితే కొబ్బరికాయ, కొత్తగా కట్టిన గోడైతే గోడ. మా ఇంటికి గ్యాస్ బండ వస్తే పిలవకుండానే వచ్చి తట్టి, "నిండుగానే ఉందిలే" అని పోయేవాడు.

"పగులు కంటికి దొరకదు పంతులమ్మా, చెవికి దొరుకుతాది" అనేవాడు.

నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తాను. "పంతులమ్మ కాదు పెద్దనాయనా, లెక్చరర్ అనాలి" అంటే, "ఏందో ఒకటి. పిల్లకాయలను అరిచేదానివే గదా" అనేవాడు. మొగుడితో కూడా వాదించి గెలిచి ఒంటరిగా బతుకుతున్నదాన్ని. ఈయన మీద మాత్రం ఒక్కసారీ గెలిచిన గుర్తు లేదు.

పలకబూడిద ఆయన ముక్కును ఎప్పుడో తినేసింది. మల్లెపూలూ మురిక్కాలవా ఆయనకు ఒకటే. పొయ్యి మీద పప్పు మాడుతుంటే ఈ పక్కనుంచి నేను కేకెయ్యాలి. అలాంటి మనిషి, వాసనే ప్రాణమైన చెట్టును ఒకదాన్ని పెరట్లో పెంచాడు. గంజాయి చెట్టు. దాచేదేముంది, పోలీసులే రాసుకుపోయారు.

ఆయన భార్యను నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆమెకు రొమ్ములో గడ్డ వచ్చింది. గుంటూరులో కోసి, కరెంటు పెట్టి, సీసాల కొద్దీ మందెక్కించి పంపారు. ప్రాణం నిలబడింది గానీ తిండి నిలబడలేదు. అన్నం ఉడికే వాసనకే కడుపులోంచి తోసుకొచ్చేది. వాంతులకిచ్చిన మాత్రలు కూడా వాంతిలోనే పోయేవి. పిల్లలు లేరు. వండేది ఆయనే, ఎత్తిపోసేది ఆయనే. చూస్తుండగానే ఆమె మంచంలో దుప్పటి మడతలా అయిపోయింది.

ఆయన తమ్ముడొకడు రెండు వీధుల అవతల ఉంటాడు, ఆటో తోలతాడు. గిద్దలూరు వైపు కిరాయికి పోయినప్పుడు ఎవరో చెప్పారని చిటికెడు ఆకు తెచ్చి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని బెల్లంలో నూరి ఆమె నోట్లో పెట్టాడు. ఆ సాయంత్రం మా గోడ మీద టక్ టక్ టక్ మని మూడు దెబ్బలు. పోయి చూస్తే ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"అడిగింది పంతులమ్మా. సంగటి ఉందా అని తనంతట తానే అడిగింది. రెండు ముద్దలు తినింది. చెనిక్కాయల పచ్చడితో."

"అది నేరం పెద్దనాయనా. చట్టం తెలుసా నీకు?"

"తెలవదు. తెలిసినదానివి నువ్వు పోయి ఆ చట్టాన్ని పిల్చకరా. వచ్చి మీ పెద్దమ్మకు రెండు ముద్దలు తినిపిస్తే నేనీ పని మానుకుంటా."



తమ్ముడు రెండోసారి తేనన్నాడు. పట్టుకుంటే ఆటో పోతుందని భయం. నాలుగు గింజలు మాత్రం తెచ్చి అన్న చేతిలో పెట్టి, "నీ పెరట్లో నువ్వే పడు" అన్నాడట. ఆ చెట్టు సంగతి తెలిసింది వాళ్ళిద్దరికీ నాకూ, అంతే.

దాన్ని ఎక్కడ దాచాలా అని ఆయన పెద్దగా ఆలోచించలేదు. గోడ వెంబడి గోగుచెట్లున్నాయి, వాటి నడుమ నాటాడు. గోగు ఆకూ దాని ఆకూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, అవే చీలికలు, అవే రంపపు అంచులు. గోగు శాస్త్రీయనామంలోనే గంజాయి పేరుందని నేను చెప్తే, "నీ సదువు ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చింది" అని మెచ్చుకున్నాడు. పెరట్లోకి ఎవరొచ్చి చూసినా గోంగూర మడే. కంటికి దొరకదు, ముక్కుకే దొరుకుతుంది. ఆయనకు ఆ ముక్కే లేదు.

నాలుగింటిలో ఒకటి మొలవలేదు. ఒకదాన్ని నత్త కొరికేసింది. మిగిలిన రెండింటిలో ఒకటి సన్నగా సాగి, పసుపుపచ్చ పొడి రాల్చడం మొదలుపెట్టింది.

"ఇది ఆడది, పీకెయ్యాల" అన్నాడు.

"పుప్పొడి రాల్చేది మగది పెద్దనాయనా."

"బక్కగా ఉండి, బిరాన ముసలిదై, ముందు సచ్చేది మగదా? రెండోది చూడు ఎట్ల నిగనిగలాడతాందో. అదీ మొగోడంటే."

"పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"నీ పుస్తకం రాసినోడు చెట్టును తలకిందులుగా చూసినాడు."

ఏదైతేనేం, ఇద్దరం కలిసి పీకింది దాన్నే. మిగిలింది ఒక్కటి. దాన్ని ఆయన చివరిదాకా 'వాడు' అనే పిలిచాడు.

వాడు కొండజాతి. గుబురుగా కమ్ముకోడు, నిటారుగా పోతాడు. ఆకుల వేళ్ళు సన్నగా, పొడుగ్గా. పూతకు తొందరపడడు. ఊళ్ళో కందిచేలు పూసినా వాడు పూయలేదు. చలి తగిలాక కాడలు ఊదారంగుకు తిరిగాయి. పెద్దాయన రోజూ ఒక మొగ్గను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వేళ్ళు అంటి అంటి విడివడడం చూసుకునేవాడు. "ఇంకా జిగురు రాలేదు" అనేవాడు. వాసన సంగతి నేను చెప్పాలి. ఆషాఢంలో పచ్చికొత్తిమీర నలిపినట్టుండేది. దసరా నాటికి మామిడికాయ తొడిమ తుంచితే కారే జీడి వాసన. పూత ముదిరేకొద్దీ అందులోకి మేకపోతు వచ్చి చేరింది, వెనకాలే కిరసనాయిలు. పగలంతా గోగుచెట్ల కింద నక్కి ఉండి, పొద్దు వాలి మంచు దిగే వేళకు గోడెక్కి బయటికి వచ్చేది.

ఆ వాసన ఎంత దూరం పోతోందో కొలవడానికి ఆయనొక ఏర్పాటు చేసుకున్నాడు. పాత పలక మీద మేకుతో మూడు గీతలు గీశాడు. మొదటి గీత మా గోడ. రెండోది వీధి కుళాయి. మూడోది మలుపులో ఉన్న కిరాణా దుకాణం. నేను కాలేజీ నుంచి వస్తూ దుకాణం దగ్గర ఆగి, కుళాయి దగ్గర ఆగి, గోడ దగ్గరికి వచ్చి చెప్పాలి. ఆయన ఆ గీత మీద సుద్దతో చుక్క పెట్టేవాడు.

"మూడో గీతకొస్తే ఆ పూటే కోసేస్తా. అంతకుముందే కోస్తే సత్తువుండదు, మీ పెద్దమ్మకు పనిజెయ్యదు. నీ ముక్కు మీదే ఉండాది నా సంసారం."

అప్పటిదాకా కింది ఆకులే బెల్లంలో నూరి ఇచ్చేవాడు. బలం తక్కువ. అయినా కొన్ని రోజులు బాగానే ఉండేవి. నోరెండుతోందని నీళ్ళడిగేది. కాసేపటికి ఎప్పుడో పోయిన అత్తగారిని తలుచుకుని, ఆమె నడకను వెక్కిరించి చేతులూపుతూ నవ్వేది, తర్వాత ముద్ద అడిగేది. ఒకరోజు మోతాదు మించింది. దూలం మీదికొచ్చేస్తోందని మంచంకోడు పట్టుకుని ఏడ్చింది, మమ్మల్ని పోల్చుకోలేదు. పెద్దాయన సాయంత్రం దాకా ఆమె పాదాలు పట్టుకు కూర్చుని, "ఇదీ కత్తే. కూరగాయకూ అదే, గొంతుకూ అదే" అన్నాడు. మరో వారం దాని జోలికి పోలేదు. ఆ వారమంతా ఆమె తినలేదు.

అది కరోనా వచ్చిన ఏడు. కార్తీకం నాటికి కాలేజీలు మళ్ళీ తెరిచి కొన్ని వారాలైంది. నాకు రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడింది, మూడో రోజుకు తగ్గింది. నాలుగోనాడు పాలు పొంగి, గిన్నె నల్లగా మాడి, వంటిల్లంతా పొగ కమ్మితే అప్పుడు చూశాను. వాసన రాలేదు. కాఫీపొడి డబ్బాలో ముక్కు పెట్టాను. కర్పూరం వెలిగించాను. ఏమీ లేదు.

కరోనానే అని తెలిసింది నాకు. తెలియలేదని అబద్ధం రాయను. ఎదురు వరసలో ఒకరింట్లో జ్వరమని తెలిసినప్పుడు సందుకు అడ్డంగా తుమ్మకంప వేశారు, పాలవాడు ప్యాకెట్టు వీధి మొగలోనే పడేసి పోయేవాడు. కాలేజీలో జ్వరమని చెప్పినవాళ్ళను ఇంటికి పంపుతున్నారు, మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు. ఇవి భయాలు. వీటి వెనక ఇంకొకటుంది. నాకు తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు.

సాయంత్రం గోడ మీద మూడు దెబ్బలు.

"ఎంత దూరం వచ్చింది, పంతులమ్మా?"

మాస్కు కిందికి లాగి, మూడు గజాల దూరంలో నిలబడి గాలి పీల్చినట్టు పీల్చాను.

"గోడ దగ్గరే ఉంది."

"మొన్న కుళాయి దాకా అంటివే?"

"గాలి తిరిగింది."

మర్నాడు అడిగాడు. పెద్దగా లేదన్నాను. ఆ మర్నాడు అసలు లేదన్నాను. అబద్ధానికి ఒక దారుంటుంది కదా, దాంట్లో పడితే అదే నడిపిస్తుంది. ఆయన పలక మీద చుక్క తుడిచి, చెట్టు వైపు చూసి, "మొగ్గ చూస్తే జిగురు కారతాంది, వాసన చూస్తే తగ్గతాంది. ఏం జాతిరా నువ్వు!" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని నేను లోపలికి వచ్చేశాను. ఖంగుకీ డొల్లకీ తేడా తెలిసిన మనిషి, నా 'లేదు'ను మాత్రం తట్టి చూడలేదు.

తర్వాత రెండు రోజులకు కాబోలు, పొద్దున్నే పిలిచాడు.

"మా తమ్ముడొచ్చి పోయినాడు. దుకాణం కాడ ఆటో ఆపితేనే గుప్పుమంటాందంట. ఈపొద్దే కోసెయ్ అన్నా అంటాడు. ఇంకో నాలుగు దినాలాగితే బాగా ముదురుతాది. ఆమెకు ఎండాకాలం దాకా సరిపోతాది. నువ్వేమంటావు?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. నా ముక్కు పోయింది పెద్దనాయనా, నీ తమ్ముడి మాట విను. అంతే కదా అనాల్సింది. నేను ఏమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"రోజంతా ఆటో పొగ పీల్చే ముక్కు నీ తమ్ముడిది. బాటనీ చదివిన ముక్కు నాది. నీ ఇష్టం, ఎవరిది నమ్ముతావో."

ఆయన నవ్వాడు. "నీదేలే. సదువుకున్న ముక్కు" అన్నాడు. కొడవలి చూరులోనే ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం పోలీసు జీపు వచ్చింది. వాళ్ళు ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. గోగుచెట్ల వరస చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, ఒక్కదాని ముందు ఆగారు. పెకలించారు, ఫొటో తీశారు. పెద్దాయన ఒకటే మాట, "ఆమె తినాల సార్, ఆమె ఏమీ తినలేదు." ఎస్సై చిన్నవాడు. మంచంలో ఉన్నామెను చూసి తల తిప్పుకున్నాడు గానీ, చెట్టునూ మనిషినీ తీసుకుపోయాడు.

ఆ రాత్రే దుకాణమామె నాకు చెప్పింది. పెరుగు ప్యాకెట్టుకని ఆగిన కానిస్టేబులు ముక్కెగరేసి, "ఏందమ్మా ఈ వాసన?" అని, దాని వెంబడే ఆవు వెంట దూడలా నడుచుకుంటూ పోయాడట. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

పదకొండు రోజుల తర్వాత బెయిలు మీద వచ్చాడు. ఆ పదకొండు రోజులూ పెద్దమ్మకు జావ కాచి పట్టింది నేనే. మొదట్లో నాలుగు చెంచాలు మింగి, మూడు కక్కేది. తర్వాత పెదవులు బిగించేసింది. "ఒక్క చెంచా పెద్దమ్మా" అని బతిమాలుతుంటే ఒకరోజు ఉన్నట్టుండి నా ముక్కు తెరుచుకుంది. మొదట వచ్చిన వాసన ఆమె పక్కబట్టలది.

ఆయన ఇంటికొచ్చిన సాయంత్రం తమ్ముడు రొట్టె, పండ్లు పట్టుకుని వచ్చాడు. పెద్దాయన వాకిట్లోనే ఆపేశాడు.

"నీ మొగం చూపియ్యాకు."

"నేనేం చేసినా అన్నా?"

"నాలుగు గోడల మధ్య ఉన్నది వాళ్ళకెట్ల తెలిసినాది?"

"వాసన. చెప్తి గదా, దుకాణం దాకా..."

"వాసన లేదు! పంతులమ్మ దినామూ చూసింది, చుక్క కూడా లేదు. కోసెయ్ కోసెయ్ అని ఎగబడినోడివి నువ్వొక్కడివే. నీ ఆటో కాపాడుకునేదానికి నువ్వే పోయి చెప్పినావు."

తమ్ముడు గోడ వైపు చూశాడు. నేను అక్కడే ఉన్నాను. సాక్షిని కదా. తల దించుకున్నాను. తమ్ముడు పండ్లు వాకిట్లో పెట్టి పోయాడు. పెద్దాయన సంచిని కాలితో వీధిలోకి తోశాడు.

పెద్దమ్మ పుష్యమాసంలో పోయింది. ఆఖరికి ఒంట్లో పోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. శవాన్ని తమ్ముడు ముట్టడానికి వీల్లేదన్నాడు పెద్దాయన.

పెద్దకర్మ అయ్యాక ఒకసారి చెప్పబోయాను. ఆయన చావిట్లో కూర్చుని, ఖాళీ మంచం పట్టె మీద కణుపుతో తడుతున్నాడు.

"పెద్దనాయనా, ఆ రోజు వాసన సంగతి..."

"వదిలెయ్ పంతులమ్మా. నాకు మంచి చేసింది ఆ నెలలో నువ్వొక్కదానివే. లోకంలో నమ్మేదానికి ఒక మనిషన్నా ఉండాల గదా."

ఆ మాట విన్నాక నేను చెప్పలేకపోయాను. ఆయన కోసమే చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఈ వాదన మాత్రం నా దగ్గర కూడా నెగ్గలేదు.

తర్వాత ఆయన ఎవరు దొరికినా ఆ చెట్టు గురించే చెప్పేవాడు. వాసన లేని జాతి ఒకటి తన చేతిలో పడిందని, కొండల్లో కూడా అలాంటిది లేదని, గింజ నిలుపుకోనివ్వకుండా తోడబుట్టినవాడే పెకలించాడని. వాయిదాకు పోయినప్పుడు కోర్టు వరండాలో ప్లీడరు గుమాస్తాకూ ఇదే చెప్పాడట. వాళ్ళు నవ్వారట. నవ్వారని నాకు చెప్పి, "సదువుకున్నోళ్ళకు చెట్ల సంగతి ఏం తెలుసు, నువ్వు తప్ప" అన్నాడు.

ఆటో మా వీధిలోకి రావడం మానేసింది. వీధి కూడా తమ్ముణ్ణి వదిలేసింది. అన్నను పట్టించినవాడని పేరు పడ్డాక, పెళ్ళి పిలుపులు కూడా ఆ గడపకు పోలేదని విన్నాను.

మొన్న పెద్దాయన పోయిన రోజు పెద్దమ్మ అక్క కొడుకు వచ్చి తలకొరివికి కూర్చున్నాడు. పాడె కడుతున్నారు. నేను బయటికి వచ్చి చూస్తే వీధి చివర ఆటో ఆగి ఉంది. తమ్ముడు దాని పక్కన నిలబడి ఉన్నాడు, జుట్టంతా నెరిసిపోయింది. ఇటు ఒక్క అడుగు వేయలేదు.

నేనే పోయాను. పాలగిన్నె నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది, అరుపులకు నా దగ్గర అలవాటైన జవాబులున్నాయి. ఆయన ఆటో రేకు పట్టుకుని వింటూ ఉండిపోయాడు.

"ఇంకెవురికన్నా చెప్పినావామ్మా?" అన్నాడు.

"లేదు. ఇప్పుడే అందరిముందూ చెప్తాను. మీరొచ్చి పాడె పట్టండి."

"చెప్పాకు."

"ఎందుకు చెప్పకూడదు? తప్పు నాది."

"నీదేలేమ్మా. చెప్తే ఊరికే ఉంటారా? రోగమొచ్చిన ముక్కును నమ్మి, తమ్ముని మాట కాదని, పెండ్లాన్ని పస్తులు పెట్టి సంపుకున్నాడు ముసిలోడు అంటారు. మా అన్న లేచి జవాబు చెప్పుకోలేడు. నన్నంటే నేనుండా గదా, పడతా."

వాదించడానికి నోరు తెరిచాను. ఆయన రెండు చేతులూ జోడించాడు.

పాడె లేచింది. వీధి చివరికి వచ్చి ఆటో పక్కగా సాగింది. ఆయన కండువా నడుముకు చుట్టుకుని రోడ్డు అంచున ఒదిగి నిలబడ్డాడు. మోసేవాళ్ళలో ఒకడు ఆయన వైపు చూసి, "సిగ్గు లేదు, చూసేదానికొచ్చినాడు" అని ఉమ్మేశాడు.

నేను పక్కనే ఉన్నాను. విన్నాను. ఏమీ అనలేదు.